పంపడం మీ ఇష్టం

మనిషిని ఇరకాటంలో పెట్టే మాటలు లోకంలో చాలా ఉన్నాయి గానీ, "మీ ఇష్టం" అన్న మాటను మించింది లేదు. భోజనానికి పిలిచి ఏం వండమంటారని అడిగితే "మీ ఇష్టం" అనే చుట్టం వంట చేసేవాళ్ళను ఎంత ఏడిపిస్తాడో, ఆ కాలేజీ కూడా దరఖాస్తులో ఆ ఒక్క ముక్క రాసి లాండ్రీవాళ్ళ ఇంటిని అంత ఏడిపించింది.

"అర్హత పరీక్ష మార్కులు పంపడం మీ ఇష్టం. పంపనివారిని తక్కువగా చూడం" అని రాశారు. బాగానే ఉంది. మరి పంపినవాళ్ళను ఎక్కువగా చూస్తారా? అది మాత్రం రాయలేదు. అసలు చెప్పాల్సింది మింగేసి, చెప్పకపోయినా ఫరవాలేనిది పెద్దక్షరాల్లో పెట్టడం చదువుకున్నవాళ్ళకే చేతనవుతుంది.

పెద్దది ఆ రెండు వాక్యాలనూ లాండ్రీ కౌంటరు మీది కంప్యూటర్లో చదివి చదివి విసిగిపోయింది. బిల్లు కొట్టడం, చదవడం. బట్టలు తీసుకోవడం, చదవడం. చదివినప్పుడల్లా ఒళ్ళు మండేది. ఇష్టమట, ఇష్టం! ఆ ఇంట్లో తన ఇష్టం అడిగిందెవరు గనక?

పెద్దది, చిన్నది కవలపిల్లలు. బయట వాళ్ళకు వేరే పేర్లున్నాయి గానీ ఇంట్లో, కొట్లో, వీధిలో ఇవే పేర్లు. పెద్దది అంటే ఏళ్ళు పెద్దదని కాదు, కాసిని నిమిషాలు ముందు పుట్టిందని. ఆ కాసిని నిమిషాల పెద్దరికమే పదిహేడేళ్ళుగా దాని నెత్తిన కూర్చుంది. చిన్నప్పుడు ఒక్క బెలూన్ మిగిలితే, "పోనీలే, అక్కవి కదా." కిటికీ పక్క సీటు ఒక్కటే ఉంటే, "సర్దుకో, పెద్దదానివి." కౌంటరు వెనక స్టూలు కూడా ఒక్కటే. సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక ఆ స్టూలు మీద చిన్నది కూర్చుని చదువుకునేది. పెద్దది నిలబడి బట్టలు తీసుకునేది. ఎవరూ అలా ఉండమని చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎప్పుడో దాటిపోయింది.

కొట్టు చిన్నదే. ముందు కౌంటరు, దాని వెనక కప్పుకు వేలాడే ఇనప కడ్డీ, కడ్డీ నిండా ప్లాస్టిక్ కవర్లు తొడిగిన బట్టలు. ఆ వెనక ఆవిరి ఇస్త్రీ బల్ల, ఇంకా వెనక కిటికీ కింద అమ్మ మరకలు తీసే బల్ల. నాన్న పొద్దస్తమానం మెడలో తాడుకు ఒక చిన్న కత్తెర వేలాడేసుకుని తిరుగుతాడు. ప్రతి బట్టకూ లోపల నంబరు చీటీ కుడతారు కదా, గిరాకీ చేతికి ఇచ్చేముందు ఆ చీటీని కత్తిరించడం ఆయన పని. ఆ పని ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో ఎవరు కొత్త బట్టలు కొనుక్కున్నా, ఒంటికి సరిపోతాయో లేదో చూసుకునేలోపే చీటీ తెగిపోయేది. ఎన్ని చొక్కాలు వెనక్కివ్వడానికి వీల్లేకుండా పోయాయో అమ్మకే తెలుసు.

ఇక పరీక్ష సంగతి. పెద్దది ఒక్కసారే రాసింది. నూటికి తొంభై నాలుగు వచ్చాయి. వాళ్ళ స్కూల్లో అంతకన్నా ఎక్కువ ఎవరికీ రాలేదు. చిన్నది మూడుసార్లు రాసింది. మొదటిసారి యాభై ఎనిమిది. రెండోసారి యాభై ఒకటి. మూడోసారి నలభై ఆరు. రాసినకొద్దీ పెరగాల్సిన మార్కులు రాసినకొద్దీ తగ్గాయి. అది తెలివితక్కువది కాదు. స్కూల్లో ఎప్పుడూ మొదటి వరసే. కానీ గడియారం ఎదురుగా పెట్టి కానివ్వమంటే దానికి చేతులు చల్లబడిపోతాయి, చదివిందంతా ఎవరో గుడ్డతో తుడిచేసినట్టు పోతుంది.

పెద్దదానిది దీనికి సరిగ్గా తలకిందులు. కాలేజీకి చివరి మూడేళ్ళ స్కూలు మార్కులు తప్పనిసరిగా వెళ్తాయి. ఆ మూడేళ్ళలో నడిమి ఏడాది అమ్మకు వెన్నుపూస ఆపరేషన్ అయింది. అమ్మ మంచం మీద, నాన్న ఇస్త్రీ బల్ల దగ్గర. మరి కౌంటర్లో ఎవరుండాలి? అక్క ఉంది కదా! ఆ ఏడాది పెద్దది స్కూలు పుస్తకాల కంటే చొక్కా కాలర్లే ఎక్కువ చూసింది. మార్కులు దభేలున పడిపోయాయి. మరుసటేడు లేచినా, ఆ గుంట అలాగే ఉండిపోయింది. కాలేజీవాళ్ళు ఆ కాగితం చూసి, ఈ పిల్ల మధ్యలో చదువు మీద మనసు పోగొట్టుకుందనుకుంటారు తప్ప, బిల్లులు కొడుతూ నిలబడిందని వాళ్ళకు ఏ దేవుడు చెప్తాడు? ఆ తొంభై నాలుగే చెప్పాలి. దాని తరఫున మాట్లాడేది ఇంకేదీ లేదు.

కావాల్సింది కూడా పెద్ద కోరికేం కాదు. ఆ కాలేజీలో రంగుల రసాయన శాస్త్రం చెప్తారు. అమ్మ బల్ల దగ్గర నిలబడి, ఏ మరక ఎందుకు కదులుతుందో, ఏ రంగు ఎందుకు వెలుస్తుందో చూసి చూసి, దాని వెనక ఉన్న మర్మం తెలుసుకోవాలని దానికి పన్నెండేళ్ళప్పటి నుంచి పిచ్చి. ఆ చదువు చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. చిన్నదానికేమో అదే కాలేజీలో చరిత్ర చదవాలని ఉంది. ఇద్దరూ ఒకే చోట ఉంటారని నాన్న మురిసిపోయాడు.

ఆ మురిపెం మీద నీళ్ళు చల్లింది పిన్ని. పిన్ని ఒక స్కూలు ఆఫీసులో పని చేస్తుంది, దరఖాస్తుల సంగతి తనకు కొట్టిన పిండి అని చెప్పుకుంటుంది. ఓ సాయంత్రం చీరలు ఇస్త్రీకి ఇవ్వడానికొచ్చి, చీరలు పక్కన పెట్టి ఈ బాంబు పేల్చింది.

"బావగారూ, ఒక్కటి ఆలోచించండి. ఒకే ఇంటిపేరు, ఒకే చిరునామా, ఒకే పుట్టినరోజు. ఒకమ్మాయి మార్కులు పంపి ఇంకో అమ్మాయి పంపకపోతే, అక్కడ కూర్చున్నవాళ్ళు గడ్డి తింటున్నారా? రెండోది దాచిందంటే దానికి తక్కువొచ్చాయనేగా?"

"పంపకపోయినా తక్కువగా చూడమని రాశారుగా పిన్నీ," అంది పెద్దది.

"రాస్తారమ్మా. రాయడానికేం? ఒక్కర్తే పంపకపోతే ఎవరూ పట్టించుకోరు. పక్కనే తొంభై నాలుగు పెట్టి ఇది ఖాళీ పెడితే, గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉండదూ?"

చిన్నది స్టూలు మీద కూర్చుని పుస్తకంలోకి తల దూర్చింది. పేజీ మాత్రం తిప్పలేదు.

నాన్న ఇస్త్రీ పెట్టె పక్కకు పెట్టి తీర్పు చెప్పేశాడు. "అయితే ఇద్దరివీ పంపొద్దు. సరిపోతుంది."

సరిపోతుందట! ఎవరికి సరిపోతుంది? పెద్దదానికి అరికాలి మంట నెత్తికెక్కింది. చిన్నదానికి స్కూలు మార్కులు బంగారంలా ఉన్నాయి. పరీక్ష మార్కులు లేకపోయినా సీటు దానికి నడిచొస్తుంది. తనకేం మిగులుతుంది? ఆ గుంట ఒక్కటే మిగులుతుంది. ఈ లెక్క ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ నోరు విప్పలేదు. దాని బాధంతా అదే.

మర్నాడు స్కూల్లో సలహాలు చెప్పే మేడం దగ్గరికి వెళ్ళింది. ఆవిడ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని శ్రద్ధగా విని, "పంపితే ఒక లాభం, పంపకపోతే ఒక లాభం. రెండువైపులా ఆలోచించుకుని మీ కుటుంబానికి ఏది సుఖంగా ఉంటే అది చెయ్యమ్మా," అంది.

"మీరైతే ఏం చేస్తారు మేడం?"

"అది మీ ఇష్టం కదమ్మా."

గోడ మీద పిల్లి అయినా ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక వైపు దూకుతుంది. ఈవిడ గోడ మీదే రిటైర్ అయ్యేలా ఉంది. పెద్దది దణ్ణం పెట్టి బయటికొచ్చేసింది.

ఆ వారమంతా ఇంట్లో అదే గొడవ. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. "పంపుతాను" అంటే నాన్న ముఖం ముడుచుకునేవాడు. "పంపను" అంటే తన కడుపే మండేది. అమ్మ మాత్రం కాలర్లు రుద్దుకుంటూ నీళ్ళు నమిలేది. అన్నిటికన్నా ఒళ్ళు మండించే సంగతి ఇంకోటుంది. చిన్నది గదిలోకి వస్తే అందరూ గొంతు తగ్గించేవారు. ఇంట్లో జ్వరం మనిషి ఉన్నట్టు.

గురువారం నాడు ఒక బ్యాంకు ఉద్యోగి ప్యాంటు ఒక్కటే పట్టుకుని వచ్చాడు. ముదురు బూడిద రంగు, మంచి గుడ్డ. మోకాలి మీద కాఫీ ఒలికింది. పెద్దది చీటీ రాయబోతుంటే నాన్న వెనకనుంచి వచ్చాడు.

"ఇది సూటు ప్యాంటు కదండీ. కోటేది?"

"కోటు శుభ్రంగా ఉందండీ. దానికేం కాలేదు."

"అందుకే తెమ్మంటున్నా. ప్యాంటు ఒక్కటే శుభ్రం చేస్తే ఇదో ఛాయకు దిగుతుంది, కోటు పాత ఛాయలోనే ఉంటుంది. రేపు రెండూ కలిపి వేసుకుంటే మీ ఒంటి మీద ఇద్దరి బట్టలున్నట్టుంటాయి. జత బట్టలు విడదీసి నేను ఉతకను."

"నాకు రేపు పొద్దున్నే ఈ ప్యాంటు కావాలండీ. కోటు నేను వేసుకోను."

"మీరు వేసుకోరు గానీ, నా కొట్టు పేరు పోతుంది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు ఆయనకు. బ్యాంకాయన విసుక్కుంటూ ప్యాంటు చంకన పెట్టుకుని ఎదురు కొట్టుకు పోయాడు. నాన్న మాత్రం ఏదో గెలిచినవాడిలా పెద్దదానివైపు తిరిగాడు.

"చూశావా? జత అంటే అదీ."

అది చాలాసేపు ఓర్చుకుంది. ఇక ఓర్చుకోలేకపోయింది. "నాన్నా, నేను కోటునా, ప్యాంటునా?"

వెటకారంగా అడిగింది. నాన్న నిజంగానే ఆలోచించాడు.

"నువ్వు కోటువమ్మా. నీకు మరక లేదు. అయినా జత కోసం నువ్వు కూడా నీళ్ళలో దిగాలి."

కడ్డీకి వేలాడుతున్న ప్లాస్టిక్ కవర్లు గలగలమన్నాయి. వాటి వెనక చిన్నది నిలబడి ఉంది, చేతిలో ఒక హ్యాంగరు. ఎప్పటినుంచి ఉందో ఏమో! ముఖంలో రంగు లేదు. హ్యాంగరు కడ్డీకి తగిలించేసి లోపలికి వెళ్ళిపోయింది. నాన్న చూడలేదు. పెద్దది చూసింది. చూసి, పోనీ అని దానిమీద జాలి పడే ఓపిక కూడా తనకు లేదని తెలుసుకుని, తనమీద తనే చిరాకు పడింది.

ఆదివారం మధ్యాహ్నం కొట్టు షట్టర్ సగం దించి, నలుగురూ కంప్యూటర్ ముందు చేరారు. దరఖాస్తుకు అదే ఆఖరి రోజు. నాన్న తల దువ్వుకుని మరీ వచ్చాడు, తనే కాలేజీలో చేరబోతున్నట్టు.

"ముందు పెద్దది," అన్నాడు.

చిన్నది స్టూలు మీదనుంచి లేవబోయింది. "ఫరవాలేదు, కూర్చో," అని పెద్దది అలవాటు కొద్దీ నిలబడే వంగి నింపడం మొదలుపెట్టింది. పేరు, చిరునామా, స్కూలు. రావాల్సిన ప్రశ్న రానే వచ్చింది. పక్కపక్కన రెండు గళ్ళు. "మార్కులు పంపుతున్నాను." "పంపడం లేదు."

దాని వేలు ఆగిపోయింది.

"నాన్నా, ఇంకొక్కసారి ఆలోచించు. నాకు అది తప్ప ఏమీ లేదు. నా స్కూలు కాగితం చూశావుగా? ఆ ఏడాది నేనెక్కడున్నానో నీకు తెలుసుగా?"

"తెలుసమ్మా. తెలియకపోవడమేంటి?" నాన్న గొంతు మెత్తబడింది. మెత్తబడ్డ నాన్నతో వాదించడం ఇంకా కష్టం. "కానీ నువ్వు పంపితే చిన్నదాని బతుకు బజార్న పెట్టినట్టే. అదసలే అన్నం సరిగా తినడం లేదు. నీకు గుండె ధైర్యం ఉంది, ఇక్కడ కాకపోతే ఇంకో చోట నెగ్గుకొస్తావు. అక్కవి. నీకు చెప్పుకోకపోతే ఎవరికి చెప్పుకోను?"

అమ్మవైపు చూసింది. అమ్మ టీ గ్లాసులు సర్దుతోంది. సర్దిన గ్లాసులనే మళ్ళీ సర్దుతోంది. చిన్నదానివైపు చూసింది. అది తెర మీదనుంచి కళ్ళు తిప్పలేదు.

ఇంతమందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "వద్దు, దానివి పంపనివ్వండి" అంటే చాలనుకుంది పెద్దది. ఎవరూ అనలేదు. ఎవరూ అనకపోయేసరికి, ఇన్నేళ్ళ అలవాటు దాని నోట్లోంచి తనే మాట్లాడింది.

"సరే."

"పంపడం లేదు" నొక్కింది. "మీరు మార్కులు పంపదలచుకోలేదు. ఖాయమేనా?" అని కంప్యూటర్ అడిగింది. ఆ ఇంట్లో దాన్ని ఆ మాట అడిగింది ఆ యంత్రం ఒక్కటే. ఖాయమేనని నొక్కి పక్కకు తప్పుకుంది. ఏడుపు రాలేదు, ఉక్రోషం వచ్చింది.

"మా తల్లే," అన్నాడు నాన్న. "ఇక చిన్నీ, నువ్వు కానియ్. అక్క పెట్టినట్టే పెట్టు." పెద్దదాన్ని డేగలా కాపలా కాసినవాడు, చిన్నదాని మీద నమ్మకంతో అమ్మ అందించిన టీ అందుకోవడానికి అటు తిరిగాడు.

చిన్నదాని వేళ్ళు గబగబా నడిచాయి. పేరు, చిరునామా, స్కూలు. ఒక్క క్షణం కూడా ఆగలేదు. తెర ఆకుపచ్చగా వెలిగింది.

"అయిపోయింది," అంది.

పెద్దది దాని భుజం మీదనుంచి చూసింది. "మీ దరఖాస్తు అందింది. మూడు పరీక్షల మార్కులు జతచేశారు." కింద ఎర్ర అక్షరాలు. "ఒకసారి పంపిన మార్కులను వెనక్కి తీసుకోవడం కుదరదు. పంపనివారు చేర్చదలిస్తే శుక్రవారం లోగా చేర్చవచ్చు."

"ఏం చేశావే?" అంది పెద్దది. అరిచినట్టు దానికే తెలియలేదు. "మూడూ పంపావా? నలభై ఆరు కూడానా?"

నాన్న చేతిలో టీ తొణికి కౌంటరు మీద ఒలికింది. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. "తీసెయ్. వెనక్కి తీసెయ్."

"కుదరదు నాన్నా. ఎర్రగా రాశారు, చూడు."

"నీకు మతి పోయిందా? దాచుకోవాల్సినవి దాచుకోక..."

"ఎందుకు దాచుకోవాలి?" చిన్నది స్టూలు మీద అటు తిరిగింది. "వారం రోజులుగా నేను గదిలోకొస్తే మీరంతా మాటలాపేస్తున్నారు. నేనేం చచ్చిపోయానా? నాకు తక్కువొచ్చాయి. మూడుసార్లు తక్కువొచ్చాయి. అయితే ఏంటి? నాకు స్కూలు మార్కులు చాలు చాలు అంటారుగా, చాలేవే అయితే ఇవి చూశాక కూడా చాలాలి. అంతేగానీ నా మరక కోసం ఇంకొకర్ని నీళ్ళలో ముంచడమేంటి? ఇప్పుడు నాది బయటపడింది. ఇక దాచడానికేం లేదు. అక్క తనవి చేర్చుకోవచ్చు. అక్క కౌంటర్లో నిలబడబట్టే నాకు ఆ స్కూలు మార్కులొచ్చాయి. అది మీరెవరూ అనరు, నేనంటున్నా."

ఇక్కడ పెద్దది చెల్లెల్ని కావలించుకుని కన్నీళ్ళు పెట్టుకుందని చెబితే వినడానికి బాగానే ఉంటుంది. కానీ అది ఒంటికాలి మీద లేచింది.

"నిన్నెవరు అడిగారే? ఇంత ధైర్యం ఉన్నదానివి, ఇందాక నేను ఆ గడి నొక్కేముందు నోరు తెరిచి ఒక్క మాట అనలేకపోయావా? ఒక్క మాట! ఇప్పుడు నీ సీటు పోతే జీవితాంతం నావల్ల పోయిందని నేను మొయ్యాలి. అది కూడా నేనే మొయ్యాలి!"

"అంటే నాన్న ఆపేవాడు అక్కా. నాదీ నీలాగే అయ్యేది."

అది నిజమే. నిజం కావడంతో పెద్దదానికి కోపం ఇంకా పెరిగింది.

నాన్న ఇద్దరి మధ్యా ఎటూ పోలేక, చివరికి చిన్నదాని మీద పడ్డాడు. "చిన్నదానివి చిన్నదానిలా ఉండాలి. చెప్పింది వినాలి. అక్కను చూడు. అన్ని మార్కులొచ్చి కూడా ఎంత బుద్ధిగా సర్దుకుంది! పెద్దది పెద్దదే, చిన్నది..."

"చాలు."

అన్నది అమ్మ. టీ ఒలికిన చోట గుడ్డ వేసి, తుడవకుండా వదిలేసి, ఇటు తిరిగింది.

"ఏది పెద్దదో, ఏది చిన్నదో మీకు తెలుసా?"

నాన్న చేతిలోని టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"వద్దు. ఇప్పుడెందుకది?" అన్నాడు.

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడండీ? వినండే ఇద్దరూ. ఆసుపత్రిలో మీ చేతులకు చీటీలు కట్టారు. ఒకటి, రెండు అని. ఇంటికి తీసుకొచ్చాం. నేను ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. లేచి చూసేసరికి మీ నాన్న రెండు చీటీలూ కత్తిరించి చెత్తబుట్టలో పడేశాడు. ఎందుకు కత్తిరించారండీ అంటే, 'ఇంటికొచ్చేశాయిగా' అన్నాడు. బట్టలు గిరాకీ చేతికి ఇచ్చినట్టు! మీరిద్దరూ ఒక్కలాగే ఉన్నారు. ఎవరు ముందో మాకు తెలిస్తే ఒట్టు."

నాన్న చెయ్యి మెడలోని కత్తెర దగ్గరికి పోయి దాన్ని గుప్పిట్లో దాచుకుంది.

"మరి నన్నెందుకు పెద్దదన్నారు?" అంది పెద్దది.

నాన్నే చెప్పాడు, నేలవైపు చూస్తూ.

"అది గుక్కపట్టి ఏడుస్తోందమ్మా. నువ్వు ఏడవకుండా చూస్తూ పడుకున్నావు. ముందు దాన్ని ఎత్తుకున్నాను. ఇంత ఓర్పుంది, ఇదే పెద్దదై ఉంటుంది అనుకున్నా."

పెద్దదాన్ని ఇకమీదట ఏమని పిలవాలో ఈ కథ చెప్పేవాళ్ళకు కూడా తెలియడం లేదు గానీ, అలవాటు కొద్దీ పెద్దదనే అందాం. బెలూను, కిటికీ సీటు, ఆ ఏడాది, ఇందాక నొక్కిన గడి, అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. పెద్దదాన్ని కాబట్టి సర్దుకున్నాననుకుంది ఇన్నాళ్ళూ. కాదు. సర్దుకుంది కాబట్టి పెద్దదైంది. మొదటిరోజు ఇంకాస్త గట్టిగా ఏడ్చి ఉంటే సరిపోయేది.

"నేను ఏడవలేదనా!" అంది. ఆ మాట సగంలోనే దాని గొంతు పగిలింది. పదిహేడేళ్ళ ఏడుపు కదా, చూడ్డానికి అందంగా రాలేదు. ముక్కు చీదుకుంటూ, కౌంటరు మీద చేత్తో కొడుతూ, షట్టర్ బయట దారినపోయేవాళ్ళు వంగి చూసేంత గట్టిగా ఏడ్చింది. నాన్న ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. అమ్మ రావద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

ఏడుపు అయ్యాక అది టీ తుడిచే గుడ్డతోనే ముఖం తుడుచుకుంది. తర్వాత చిన్నదాని ఎదురుగా వచ్చి నిలబడింది.

"లే."

"ఏంటక్కా?"

"స్టూలు మీంచి లే. నేను కూర్చోవాలి."

చిన్నది లేచింది. పెద్దది కూర్చుంది. ఆ స్టూలు ఎంత ఎత్తుందో కూడా దానికి తెలియదు, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో కాసేపు వెతుక్కుంది. "మార్కులు చేర్చండి" అన్న చోట నొక్కింది.

"పెద్దా, ఒక్క మాట..." అన్నాడు నాన్న. "శుక్రవారం దాకా టైముందిగా. ఆలోచించి..."

"నా ఇష్టం నాన్నా," అంది అది, తల తిప్పకుండా. "అక్కడ రాశారు."

తొంభై నాలుగు ఎక్కించింది. ఖాయమేనా అని కంప్యూటర్ మళ్ళీ అడిగింది. నొక్కింది. చిన్నదాని నలభై ఆరు పక్కన తన తొంభై నాలుగు ఎవరి బల్ల మీదికి పోతాయో, చూసినవాళ్ళు ఏమనుకుంటారో, దానికి తెలుసు. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

తెర మీద ఆకుపచ్చ వెలుగు వచ్చేదాకా నలుగురూ అలాగే నిలబడ్డారు. నలుగురూ కాదు, ముగ్గురు. చిన్నది ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంది, మళ్ళీ ఇటు మార్చుకుంది.

"అక్కా, ఇక్కడ నిలబడితే కాళ్ళు ఇంత లాగుతాయా?" అంది.

"లాగుతాయి," అంది పెద్దది. లేవలేదు.